తొలకరి పడకముందే టైరు చూసుకోండి

మే నెలాఖరులో, తొలకరి ఇంకా పడకముందే, ఒక ఉదయం బండిని ఇంటి ముందు నీడలో నిలబెట్టి రెండు టైర్లూ చూసుకోవాలి. అరగంట పని. కావలసినవి ఒక బకెట్ నీళ్లు, పాత గుడ్డ, పిల్లల కంపాస్ బాక్సులోని స్కేలు, సెల్‌ఫోన్ లైటు, చీపురులోంచి లాగిన ఒక కొబ్బరి ఈనె. కోనసీమలో ఏ ఇంట్లోనైనా ఉండేవే ఇవన్నీ. ఒక్కసారి మీ చేత్తో మీరు చూసుకుంటే, టైరు మార్చాలో ఇంకొన్నాళ్లు నడపొచ్చో ఎవరినీ అడగకుండానే తెలిసిపోతుంది.

పంచర్ షాపు దగ్గర ఎప్పుడు నిలబడినా ఒక ప్రశ్న వినిపిస్తుంది: "ఏవండీ, ఇంకో రెండు నెలలు లాగుద్దంటారా?" ఏప్రిల్‌లో అడిగితే చాలా టైర్లకి లాగుద్దనే చెప్పొచ్చు. జూన్ నెలాఖర్లో అదే టైరు చూపించి అడిగితే ఆ జవాబు చెల్లదు. టైరు అదే, అరుగుదలా అంతే, రోడ్డు మారిపోయింది. అందుకే వానాకాలాన్ని గడువుగా పెట్టుకుని టైరు చూడమంటున్నాను.

పొడి రోడ్డు మీద నున్నటి టైరు కూడా బాగానే పట్టుకుంటుంది. మోటోజీపీ రేసుల్లో పొడి ట్రాకు మీద బండ్లు అసలు గాట్లే లేని టైర్లతో పరుగెడతాయి. వాన మొదలైతే మాత్రం అదే రేసర్లు గాట్లున్న టైర్లకి మారిపోతారు. గాట్ల పని నీటిని పక్కలకు తోసి, రబ్బరుని రోడ్డుకు తగలనివ్వడం. బండి మొత్తం రోడ్డును పట్టుకుని ఉండేది ఒక్కో చక్రం కింద అరచేతి కన్నా చిన్న చోటులోనే. ఆ కాస్త చోటులోనూ నీరు మిగిలిపోతే బ్రేకు ఎంత మంచిదైనా లాభం లేదు. వేసవంతా ఏ తేడా చూపించని అరిగిన టైరు, మొదటి గట్టి వానకి బయటపడుతుంది.

కోనసీమ రోడ్ల మీద ఈ తేడా మరీ ఎక్కువ. మన రోడ్లలో చాలా భాగం కాలువ గట్ల వెంట పోతాయి. ఒక పక్క పంట కాలువ, రెండో పక్క బోదె, లేకపోతే పల్లంలో చేను. ఎదురుగా బస్సో కొబ్బరి లారీయో వస్తే మనం దిగాల్సింది తడిసిన మట్టి అంచు మీదికి. సార్వా దమ్ములు జరిగే రోజుల్లో ట్రాక్టరు చేలోంచి రోడ్డెక్కిందంటే, చక్రాలకు అంటిన బంకమట్టి తారు మీద పొరగా పరుచుకుంటుంది. దాని మీద సన్నటి జల్లు పడిందా, కాలు పెట్టినా జారుతుంది. రోడ్డు పక్క కొబ్బరి డొక్కల కుప్పల దగ్గర తడిసిన పీచు, రొయ్యల చెరువుల దగ్గర వ్యాన్లు కార్చుకుంటూ పోయిన నీళ్లు, నది దాటించే పంటు ఎక్కేచోట రేవు ఒండ్రు, పంటు మీద తడి ఇనప రేకు, ఇవన్నీ జారేవే. సఖినేటిపల్లి రేవైనా, ముక్తేశ్వరం రేవైనా బండి దింపేటప్పుడు కాళ్లు రెండూ కింద పెట్టుకుని నెమ్మదిగా దింపడం అందరూ చేసేదే. ఆ జాగ్రత్తకి టైరు కూడా సాయపడాలి.

ఇక పనిలోకి దిగుదాం.

మొదట కడగండి

బండికి సెంటర్ స్టాండు వేయండి. సైడు స్టాండు మాత్రమే ఉన్న బండయితే ఇంట్లో ఇంకొకరిని పిలిచి, మీరు చూస్తుంటే వారు కొద్దికొద్దిగా ముందుకు తోసేలా చూసుకోండి. చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరగాలి, ఎందుకంటే పైకి కనిపించే సగం బాగుండి, మడ్‌గార్డు కింద దాగిన సగంలో చీలిక ఉండొచ్చు. ఇంజను ఆపి, తాళం చెవి తీసేయండి. ఇంజను నడుస్తుండగా గేరులో పెట్టి చక్రం తిప్పుతూ చూడడం ఎంతమాత్రం వద్దు, గొలుసు దగ్గర వేళ్లు పోయే పని అది.

బురద వదిలేదాకా టైరు కడిగి గుడ్డతో తుడవండి. గాట్లలో ఇరుక్కున్న చిన్న రాళ్లు ఈనెతోనే తీసేయండి. ఎక్కడైనా మేకు తల కనిపిస్తే మాత్రం పీకకండి. దాని పక్కన సుద్దతో గుర్తు పెట్టి ముందుకు వెళ్లండి. పీకితే గాలి అక్కడికక్కడే పోతుంది, బండి షాపుదాకా కూడా వెళ్లదు.

కంపెనీ పెట్టిన గుర్తు

టైరు పక్క గోడ మీద, రోడ్డుకు తగిలే భాగం మొదలయ్యే అంచు దగ్గర, టీడబ్ల్యూఐ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలో ఒక చిన్న త్రికోణమో ఉంటుంది. చుట్టూ అలాంటివి కొన్ని ఉంటాయి. ఆ గుర్తు దగ్గర నుంచి వేలిని తిన్నగా టైరు మధ్యకు పోనిచ్చి, అక్కడి గాటులోకి లైటు వేసి చూడండి. గాటు అడుగున చిన్న మిట్ట కనిపిస్తుంది. టైరు పైభాగం అరిగి అరిగి ఆ మిట్టతో సమానమైందంటే టైరు పని అయిపోయినట్టే. ఇక కొలవక్కర్లేదు, బేరమూ అక్కర్లేదు.

ఆ మిట్ట ఎత్తు ఊరికే పెట్టింది కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 94వ నియమం టైర్ల గురించి చెబుతుంది. రెండు చక్రాల బండికీ మూడు చక్రాల బండికీ గాటు లోతు 0.8 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు. కార్లకూ లారీలకూ 1.6 మిల్లీమీటర్లు. 0.8 అంటే ఎంతో చేతికి తెలియాలంటే జేబులోని ఏటీఎం కార్డు తీసి అంచు చూడండి. దాని మందం 0.76 మిల్లీమీటర్లు. అంత సన్నటి గాటు గట్టి వానలో ఎంత నీటిని తోయగలదో మీరే అంచనా వేసుకోవచ్చు. బ్రిటన్‌లో మోటారు సైకిలుకు కనీసం 1 మిల్లీమీటరు ఉండాలంటారు, జర్మనీలో 1.6. మన చట్టం చెప్పిన 0.8 అంటే అంతకన్నా తగ్గాక నడిపితే నేరమయ్యే హద్దు. ఆ హద్దుదాకా హాయిగా నడపొచ్చని దాని అర్థం కాదు. వానలు ఎక్కువ పడే చోట ఉండేవాళ్లం మనం, ఇంకాస్త ముందే ఆగాలి.

ఈనెతో కొలత

ఈ పనికి షాపుల్లో గేజీ దొరుకుతుంది, కొనుక్కుంటే మంచిదే. లేకపోయినా ఇబ్బంది లేదు. కొబ్బరి ఈనె మొదలు వైపు, అంటే లావుగా గట్టిగా ఉండే వైపు, బ్లేడుతో అడ్డంగా సమంగా కోయండి. ఆ కొసని గాటులోకి నిలువుగా, అడుగు తగిలేదాకా దించండి. టైరు పైభాగం దగ్గర ఈనె మీద బొటనవేలి గోరు ఆనించి, గోరు కదలకుండా ఈనెను బయటికి తీసి స్కేలు మీద పెట్టండి. ఎన్ని మిల్లీమీటర్లో అక్కడే తెలుస్తుంది. మిట్ట ఉన్నచోట మాత్రం కొలవకూడదు, లోతు తక్కువ చూపిస్తుంది.

ఒక్కచోట కొలిచి వదిలేయొద్దు. టైరు చుట్టూ మూడు చోట్ల, ఒక్కో చోటా మధ్యలో ఒకసారి, రెండు పక్కలా ఒక్కోసారి కొలవండి. వచ్చిన వాటిలో అన్నిటికన్నా తక్కువది ఏదో అదే మీ టైరు లోతు. సగటు తీయడం ఈ లెక్కలో పనికిరాదు, ఎందుకంటే బండి జారేది బాగా అరిగిన చోటే.

వచ్చిన అంకెను బట్టి నేను చెప్పేది ఇది. మే నెలలో కొలిచినప్పుడు 2 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే వానలకు ముందే మార్చేయండి. చట్టం ఒప్పుకుంటుంది కదా అని ఆగితే, రోజూ రావులపాలెమో అమలాపురమో తిరిగే బండికి ఆ మిగిలిన ఒక మిల్లీమీటరు సరిగ్గా వానల నడిమధ్యలో కరిగిపోతుంది. 2కీ 3కీ మధ్య ఉంటే నెలకోసారి కొలుస్తూ నడపండి. 3 దాటి ఉంటే లోతు గురించి ఈ ఏటికి దిగులు లేదు, మిగతావి చూసుకుంటే చాలు. ముందు టైరు విషయంలో ఇంకాస్త గట్టిగా ఉండండి. వెనక చక్రం జారితే చాలాసార్లు బండిని నిలదొక్కుకోవచ్చు. ముందు చక్రం జారితే అంత వ్యవధి ఉండదు, తేరుకునేలోపే నేల మీద ఉంటాం.

సాధారణంగా వెనక టైరే ముందుగా అరుగుతుంది. ఇంజను తోసేదీ ఆ చక్రాన్నే, వెనక కూర్చున్న మనిషి బరువూ, బస్తా బరువూ పడేదీ దాని మీదే. కాబట్టి రెండూ ఒకేసారి మార్చాలన్న నియమం ఏమీ లేదు. కొన్ని బండ్లలో ముందూ వెనకా ఒకే సైజు ఉంటుంది కనుక, సగం అరిగిన వెనక టైరుని ముందుకు తెచ్చి కొత్తది వెనక వేయించుకునేవాళ్లున్నారు. మిగిలిన రబ్బరు దండగ కాకూడదన్న ఆలోచన అర్థమవుతుంది, కానీ జారితే మనిషిని పడేసే చోటుకే అరిగిన టైరు తెచ్చినట్టవుతుంది. అలా చేయొద్దు.

అరచేత్తో తడమండి

లోతు ఎంతున్నా, అరిగిన తీరు ఇంకో కథ చెబుతుంది. కళ్లు మూసుకుని అరచేతిని టైరు మీద ఒక అంచు నుంచి రెండో అంచుదాకా నెమ్మదిగా పోనివ్వండి. ముందు ఏ మేకూ గాజుముక్కా లేదని చూసుకున్నాకే సుమా. కొత్త టైరు గుండ్రంగా తగులుతుంది. మధ్యలో చదునుగా ఉండి, రెండు పక్కలా మెట్టులా తగిలితే అది తిన్నటి రోడ్ల మీద ఎక్కువ తిరిగిన టైరు. 216 జాతీయ రహదారి మీద ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు అని రోజూ తిరిగేవాళ్ల బండ్లలో ఇది కనిపించడం మామూలే. గాలి మరీ ఎక్కువ పెట్టినా మధ్యభాగమే అరుగుతుంది. ఇలాంటి టైరుతో మలుపు తిరిగేటప్పుడు బండి కాసేపు వంగనంటుంది, ఆ మెట్టు దాటగానే ఒక్కసారిగా పడిపోతున్నట్టు వంగుతుంది. కాలువ వంతెన దగ్గర పాము మెలికలా ఉండే మన మలుపుల్లో ఇది చాలా ప్రమాదం. లోతు ఇంకా ఉన్నా, మెట్టు చేతికి గట్టిగా తగులుతుంటే ఆ టైరు మార్చాల్సిందే.

మధ్య బాగుండి రెండు అంచులూ అరిగితే గాలి తక్కువతో బరువు మోశారన్నమాట. ఒక పక్కే అరిగితే చక్రం తిన్నగా లేదు. వెనక చక్రమయితే గొలుసు బిగించినప్పుడు రెండు వైపులా గుర్తులు సమంగా పెట్టారో లేదో చూపించండి. ముందు టైరు మీద ఎత్తుపల్లాలుగా, అలల్లా తగిలితే షాకబ్జార్లోనో బేరింగులోనో లోపం ఉండొచ్చు. ఆ లోపం సరిచేయకుండా కొత్త టైరు వేస్తే కొన్ని నెలల్లో అదీ అలాగే తయారవుతుంది.

పక్క గోడలు

ఇక్కడే బాగా ఆగాలి. చాలామంది గాట్లు చూసి వదిలేస్తారు, పక్క గోడల వైపు చూడరు. లైటు దగ్గరగా పెట్టి రెండు వైపులా ఒక చుట్టు చూడండి. జుట్టంత సన్నని నెర్రెలు పైపైన ఉంటే అది వయసు గుర్తు, గమనిస్తూ ఉండాలి. నెర్రెలోకి గోరు దిగుతుందంటే మార్చాలి. ఎక్కడైనా లోపలి నైలాన్ దారాలు కనిపించాయా, లేదా గోడ ఒకచోట బుడగలా ఉబ్బిందా, ఆ బండిని ఇక నడపకండి. ఉబ్బు అంటే లోపలి దారాలు తెగిపోయి, పైన ఉన్న రబ్బరు ఒక్కటే గాలిని ఆపుతోందని. గుంతలో గట్టిగా పడ్డాకో, సిమెంటు రోడ్డు అంచు ఎక్కించినప్పుడో ఇలా అవుతుంది. దానికి మరమ్మతు లేదు, ట్యూబు మార్చినా లాభం లేదు.

మన దగ్గర పక్క గోడలు దెబ్బతినడానికి పెద్ద కారణం బరువు. టీవీఎస్ ఎక్సెల్ మీద రెండు వైపులా కొబ్బరికాయల బస్తాలు, రావులపాలెం మార్కెట్టుకు అరటి గెలలు, తెల్లారకముందే చేపల పెట్టెలు, పాల క్యాన్లు మోసుకెళ్లేవాళ్లకి అదే జీవనం. బరువు మానమని చెప్పడం తేలిక, బతుకు అలా నడవదు. అందుకే బరువు మోసే బండికి చెప్పాల్సింది వేరే ఉంది. టైరు మీద సైజు తర్వాత ఒక అంకె, ఒక అక్షరం ఉంటాయి. 80/100-18 54పీ అని ఉందనుకోండి. 80 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 100 అంటే వెడల్పులో నూటికి నూరు పాళ్లు టైరు గోడ ఎత్తు. 18 రిమ్ము అంగుళాల్లో. 54 అనేది బరువు గుర్తు, ఆ టైరు నిండు గాలితో 212 కిలోలు మోయగలదని దాని లెక్క. 47 అయితే 175 కిలోలే. చివరి అక్షరం వేగానిది. పీ అంటే గంటకు 150 కిలోమీటర్లు. ఒలవని కొబ్బరికాయ కిలో పైమాటే. మనిషి బరువు, బండి బరువులో వెనక చక్రం మీద పడే వంతు, ఆపైన కాయల బరువు కలిపి చూసుకుంటే ఆ అంకెకి ఎంత దగ్గరగా వెళ్తున్నామో తెలుస్తుంది.

గాలి తక్కువతో ఆ బరువు మోస్తే గోడలు ప్రతి చుట్టుకీ నలిగి, లోపల వేడెక్కి, దారాలు తెగుతాయి. గొలుసు కవరు మీదో, స్వింగ్ ఆర్మ్ మీదో, బండితో వచ్చిన పుస్తకంలోనో గాలి ఎంత పెట్టాలో రాసి ఉంటుంది. వెనక టైరుకు ఒక్కరు ఎక్కితే ఒక లెక్క, ఇద్దరెక్కితే ఇంకో లెక్క. బరువు మోసే రోజు రెండో లెక్క పెట్టించండి. టైరు వేడెక్కాక గాలి ఎక్కువ చూపిస్తుంది కాబట్టి పొద్దున్నే, బండి ఎక్కువ దూరం తిరగకముందే చూసుకోవడం మేలు. వారానికోసారి గాలి చూసుకునే ఎక్సెల్ టైరు, అదే బరువు మోస్తూ చూసుకోని ఎక్సెల్ టైరు కన్నా ఎక్కువ కాలం వస్తుంది. రోజూ బరువు మోసే బండికి నెలకోసారి పక్క గోడలు చూడడం తప్పనిసరి అనుకోండి.

టైరు పుట్టిన తేదీ

గాట్లు నిండుగా ఉండి కూడా పనికిరాని టైర్లు కొన్ని ఉంటాయి. కోనసీమలో వాటి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు కువైట్‌కో దుబాయ్‌కో ఖతర్‌కో వెళ్లినవాళ్లు చాలా వీధుల్లో ఉన్నారు. వెళ్లేటప్పుడు బండిని వసారాలో కవరు కప్పి పెట్టి వెళ్తారు. రెండేళ్లకో మూడేళ్లకో సంక్రాంతికి వచ్చి, దుమ్ము దులిపి, బ్యాటరీ మార్పించి, పెట్రోలు పోయించుకుని కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి బయల్దేరతారు. టైరు చూస్తే కొత్తదానిలానే ఉంటుంది. కానీ రబ్బరు నడిచినా నడవకపోయినా ముసలిదవుతుంది. ఎండ, గాలిలోని ఓజోను, వేడి కలిసి దాని మెత్తదనాన్ని తీసేస్తాయి. గట్టిపడిన రబ్బరు తడి రోడ్డును పట్టుకోలేదు. పైగా నెలల తరబడి గాలి లేకుండా ఒకేచోట నిలబడితే కింద ఆనిన భాగం చదునైపోయి, పక్క గోడ మడత పడ్డచోట నెర్రెలిస్తుంది.

టైరు వయసు తెలుసుకోవడం తేలిక. పక్క గోడ మీద నాలుగు అంకెలు విడిగా, చాలావాటిలో కోడిగుడ్డు ఆకారపు గీతలో, ఉంటాయి. 2319 అని ఉంటే మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం: 2019లో 23వ వారం, అంటే జూన్ మొదటి రోజుల్లో తయారైంది. ఈ అంకెలు ఒక వైపే ఉండొచ్చు, రెండు వైపులా వెతకండి. మిషెలిన్ లాంటి కంపెనీలు ఇచ్చే సలహా ఏమిటంటే, వాడకంలోకి వచ్చి 5 ఏళ్లు దాటిన టైరుని ఏటా తెలిసినవాళ్లకు చూపించాలి, తయారై 10 ఏళ్లు నిండితే ఎలా ఉన్నా తీసేయాలి. ఆరుబయట ఎండలో నిలబడే బండికి నేనైతే 10 దాకా ఆగను. 6 ఏళ్లు దాటిన టైరు మీద నెర్రెలు కనిపిస్తే గాట్లు చూడకుండానే మార్చమంటాను. విదేశానికి వెళ్లేవాళ్లు బండిని సెంటర్ స్టాండు మీద, ఎండ తగలని చోట, నిండు గాలితో పెట్టి వెళ్లాలి. ఇంట్లోవాళ్లకి నెలకోసారి గాలి కొట్టించి చక్రం సగం చుట్టు తిప్పమని చెప్పాలి. వచ్చాక మొదటి ప్రయాణానికి ముందు ఈ పరీక్షంతా మళ్లీ చేసుకోవాలి.

నడుపుతుంటే తెలిసేవి

కొన్ని గుర్తులు చూపుకు అందవు, నడకలో తెలుస్తాయి. తడి రోడ్డు మీద తెల్లగీత దాటుతుంటే వెనక చక్రం పక్కకి జరిగినట్టు అనిపించడం, బ్రేకు పట్టగానే వెనక చక్రం తేలిగ్గా ఈడ్చుకుపోవడం, తిన్నటి రోడ్డు మీద కూడా బండి ఊగడం. ఇవి మొదలయ్యాయంటే ఇంటికొచ్చి ఈనె తీయండి. పంచర్లు తరచుగా పడడం కూడా గుర్తే. రబ్బరు పల్చబడిన కొద్దీ చిన్న ముల్లు కూడా లోపలిదాకా దిగుతుంది. ఒకే నెలలో రెండుమూడు పంచర్లు వేయించుకుంటే ట్యూబుని తిట్టుకోకముందు టైరు చూసుకోండి. టైరు విప్పిన ప్రతిసారీ లోపలివైపు కూడా చూపించమని షాపు ఆయన్ని అడగండి. బయట కనిపించని తెగుళ్లు లోపల కనిపిస్తాయి.

ట్యూబ్‌లెస్ టైరుకి పుల్ల పెట్టి మూసే పంచరు రోడ్డుకు తగిలే భాగంలో, సన్నటి మేకు దిగినప్పుడే పనికొస్తుంది. పక్క గోడలో దిగిన మేకుకి ఆ మరమ్మతు చేయించుకోకూడదు.

షాపులో అడగాల్సినవి

ముందు మీ టైరు మీదున్న సైజు ఫోను కెమెరాతో తీసుకుని వెళ్లండి. కంపెనీ ఇచ్చిన సైజే వేయించాలి. లావు టైరు వేస్తే బండి అందంగా కనిపిస్తుందనో, పట్టు పెరుగుతుందనో అనుకుంటారు. కానీ ఆ రిమ్ముకు సరిపోని టైరు ఆకారం మారిపోతుంది, కొన్నిసార్లు గొలుసుకో మడ్‌గార్డుకో రాసుకుంటుంది. బరువు అంకె పాతదాని కన్నా తక్కువ ఉండకూడదు, వేగం అక్షరం కూడా అంతే. స్పోకుల చక్రానికి ట్యూబు తప్పనిసరి. ట్యూబ్‌లెస్ టైరు ఉన్నంత మాత్రాన ట్యూబు తీసేయలేం, రిమ్ము కూడా దానికి తగ్గదే అయి ఉండాలి.

టైరు మీద ఐఎస్ఐ ముద్ర చూడండి. రెండు, మూడు చక్రాల బండ్ల టైర్లకి ఐఎస్ 15627 అనే ప్రమాణం ఉంది. తర్వాత ఆ నాలుగు అంకెల తేదీ. షాపులో మూలన ఏళ్ల తరబడి పడున్న టైరు కూడా కొత్త టైరే అని చెబుతారు, తేదీ చూసి ఏడాదిలోపుదే అడగండి. బిల్లు తప్పకుండా తీసుకోండి; తయారీ లోపం బయటపడితే కంపెనీని అడగడానికి అదొక్కటే ఆధారం. నున్నగా అయిపోయిన టైరుకి మళ్లీ గాట్లు చెక్కి తక్కువ ధరకు అమ్మేవి ఎక్కడైనా కనిపిస్తే దగ్గరికి కూడా పోవద్దు. అందులో ఆ గాట్లు మిగిలిన పల్చటి రబ్బరుని కూడా తినేసి, దారాల దాకా వెళ్లి ఉంటాయి.

ట్యూబు టైరు అయితే ట్యూబు కూడా కొత్తది వేయించండి. పాత ట్యూబు పాత టైరులో సాగి, మాసికలతో ఉంటుంది. కొత్త టైరులో అది మడత పడి చిరుగుతుంది. టైరు విప్పినప్పుడు రిమ్ము లోపల చూడండి. ఓడలరేవు, అంతర్వేది వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనప రిమ్ములు లోపల తుప్పు పట్టి, ఆ పొలుసులే ట్యూబుని కోస్తుంటాయి. తుప్పు గీయించి, రిమ్ము టేపు కొత్తది వేయించండి. టైరు మీద బాణం గుర్తుంటే చక్రం ముందుకు తిరిగే దిక్కుకు ఆ బాణం ఉండాలి. పని అయ్యాక గాలి మీటరుతో కొలిపించి, యాక్సిల్ నట్టు బిగించారో లేదో, గొలుసు సమంగా ఉందో లేదో, బ్రేకు పడుతోందో లేదో అక్కడే చూసుకుని కదలండి.

కొత్త టైరు వేసిన రోజు

కొత్త టైరు మొదటి రోజే పూర్తి పట్టు ఇవ్వదు. అచ్చులోంచి వచ్చిన నునుపు పైన ఉంటుంది. అది పోయేదాకా, సుమారు 150 కిలోమీటర్లు, నెమ్మదిగా నడపండి. గట్టి బ్రేకు, ఒక్కసారిగా పికప్పు, మలుపులో బాగా వంచడం మానుకోండి. వానకు ముందే మార్చమని చెప్పడానికి ఇదీ ఒక కారణం. పొడి రోడ్డు మీద ఈ 150 కిలోమీటర్లు తిరిగితే, తొలి జల్లు పడేసరికి టైరు సిద్ధంగా ఉంటుంది. టైరు మార్చిన మర్నాడే తడి గట్టు మీద నడపాల్సి వస్తే ముందు బండికి ఎక్కువ దూరం వదిలి, తక్కువ వేగంతో వెళ్లండి. వెనక కూర్చున్నవాళ్లకీ ఆ సంగతి చెప్పండి, తొందర పెట్టరు.

వేసిన తేదీ, ఆ రోజు మీటరు మీదున్న కిలోమీటర్లు, కొత్తలో ఈనెతో కొలిచిన లోతు, ఈ మూడూ బిల్లు వెనక రాసి ఆర్సీతో పాటు దాచండి. వచ్చే మేలో మళ్లీ కొలిస్తే మీ బండి, మీ రోడ్డు, మీ బరువు కలిసి ఒక మిల్లీమీటరు ఎన్ని కిలోమీటర్లకు అరుగుతుందో మీకే లెక్క వస్తుంది. మొదటి వారం తర్వాత ఒకసారి గాలి చూపించండి, గొలుసు వదులైతే బిగించుకోండి.

పాత టైరుని ఇంటికి తెచ్చుకుంటే దొడ్లో పడేయకండి. వాన నీరు నిలిచిన టైరులో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. షాపులోనే వదిలేయండి. మొక్క చుట్టూ కంచెకో, దూడని కట్టే గుంజకో వాడుకోవాలనుకుంటే మాత్రం ముందే నాలుగైదు చోట్ల నీరు కారిపోయేలా పెద్ద రంధ్రాలు పెట్టండి.